కుట్టిన ఈగ చస్తుందా?



తేనెటీగ కుట్టి చెయ్యి విదిలించుకుంటున్నవాడితో పక్కనున్నవాళ్ళు తప్పకుండా ఒక మాట అంటారు. "పోనీలే, నిన్ను కుట్టింది కూడా ఈపాటికి చచ్చే ఉంటుంది" అని. దానివల్ల మంట ఏమీ తగ్గదు. బాకీ తీరిందన్న చిన్న తృప్తి మాత్రం మిగులుతుంది. కందిరీగ కుట్టినా ఇదే మాట, చీమ కుట్టినా ఇదే మాట. అందులో కొంత నిజం, కొంత అబద్ధం. ఏది నిజమో తెలిస్తే, కుట్టించుకున్నప్పుడు ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది కాబట్టి ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం.

అసలు కుట్టేది ఎవరో ముందు తేల్చుకోవాలి. తేనెటీగల్లోగానీ కందిరీగల్లోగానీ కుట్టేవి ఆడవే. ఎందుకంటే కొండి అనేది ఒకప్పుడు గుడ్లు పెట్టే గొట్టం. వీటి పూర్వీకులు ఆ గొట్టంతో మొక్కల కాడల్లోనూ, ఇతర పురుగుల ఒంట్లోనూ రంధ్రం చేసి గుడ్లు పెట్టేవి. లక్షల తరాల్లో ఆ గొట్టమే విషం ఎక్కించే సూదిగా మారింది. మగవాటికి గుడ్లు పెట్టే గొట్టమే ఉండదు, కాబట్టి కొండీ ఉండదు. తేనెపట్టులో ఉండే పోతుటీగ లావుగా, పెద్ద పెద్ద కళ్ళతో, గట్టిగా రొద పెడుతూ తిరుగుతుంది. చూస్తే భయమేస్తుంది గానీ, దాన్ని అరచేతిలో పట్టుకున్నా ఏమీ చెయ్యలేదు. మనల్ని కుట్టేది పట్టులో చాకిరీ అంతా చేసే కూలి ఈగ. అది కూడా ఆడదే, కానీ మామూలుగా గుడ్లు పెట్టదు.

ఈ కూలి ఈగ కొండిని పెద్దది చేసి చూపించే అద్దం కింద పెడితే మూడు భాగాలు కనిపిస్తాయి. మధ్యలో గాడి ఉన్న ఒక కాడ, దాని వెంట జారే రెండు సన్నటి సూదులు. ఒక్కో సూదికీ చివర వెనక్కి తిరిగిన ముళ్ళు సుమారు పది దాకా ఉంటాయి. చేపలు పట్టే గాలానికి ఉండే ముల్లులాంటివే ఇవీ. లోపలికి పోవడం తేలిక, వెనక్కి రావడం కష్టం. కుట్టినప్పుడు ఒక సూది చర్మంలో పట్టు దొరకబుచ్చుకుంటుంది, రెండోది ఇంకాస్త లోపలికి జారుతుంది, అది పట్టుకున్నాక మొదటిది జారుతుంది. ఇలా ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా దిగుతాయి. వాటి నడుమనున్న సన్నటి దారిలోంచి విషం పారుతుంది.

ఇప్పుడు ఈగ ఎగిరిపోవాలి. మన చర్మం సాగుతుంది, మూసుకుంటుంది, ముళ్ళను పట్టి వదలదు. ఈగ గింజుకుని లేస్తే కొండి ఇక్కడే ఉండిపోతుంది. కొండితోపాటు విషపు సంచి, దాన్ని నడిపే కండరాలు, వాటికి ఆజ్ఞలిచ్చే నరాల ముడి, అన్నీ తెగి మన ఒంటిమీదే ఉండిపోతాయి. పొట్ట చివర చిరిగిన ఈగ వెంటనే కూలిపోదు. కొన్ని గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే బతుకుతుంది. ఆ మిగిలిన కాసేపు కూడా ఊరుకోదు. కుట్టడానికి ఏమీ లేకపోయినా మొహం చుట్టూ తిరుగుతూ, జుట్టులో దూరుతూ బెదిరిస్తూనే ఉంటుంది. తర్వాత చస్తుంది. అంచేత "కుట్టిన తేనెటీగ చస్తుంది" అన్న మాట మన అనుభవం మేరకు నిజమే.

కానీ ఆ తేనెటీగే మరో పురుగును కుడితే ఏమవుతుంది? తేనె తక్కువైన రోజుల్లో ఒక పట్టు ఈగలు మరో పట్టులో దొంగతనానికి వస్తాయి. వాకిట్లో కాపలా ఉన్న ఈగ దొంగను పట్టుకుని, దాని ఒంటిమీది పెంకుల సందులో మెత్తటి చోటు వెతికి, అక్కడ కొండి గుచ్చుతుంది. గుచ్చి మామూలుగా వెనక్కి లాక్కుంటుంది. పురుగుల పైపొరకు మన చర్మంలా సాగి మూసుకునే గుణం లేదు, ముళ్ళను పట్టుకోదు. దొంగ చస్తుంది, కాపలాదారు బతికి మళ్ళీ వాకిట్లో నిలబడుతుంది. కాబట్టి ఈగను చంపేది కుట్టడం అనే పని కాదు, మన తోలు. మనిషి, ఎలుగుబంటి, పశువు, ఇలా సాగే చర్మం ఉన్న ప్రాణిని కుట్టినప్పుడే దానికి చావు వస్తుంది.

ఈ చావును మనుషులు చాలాకాలం కిందటే గమనించారు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్, కొండి లాక్కునేటప్పుడు పేగు కూడా తెగి వస్తుంది కాబట్టి కుట్టిన తేనెటీగ చస్తుందని రాశాడు. కుట్టించుకున్నవాడు శ్రద్ధగా కొండిని బయటికి నొక్కి పంపితే ఈగ బతకవచ్చనీ చేర్చాడు. ఆ మంటలో అంత జాలి ఎవరికి ఉంటుందో గానీ, పరిశీలన మాత్రం గొప్పది. తర్వాత 1859లో చార్లెస్ డార్విన్ 'జాతుల పుట్టుక'లో ఇదే ప్రశ్న వేసుకున్నాడు. వాడినవాణ్ణే చంపే ఆయుధాన్ని పరిపూర్ణమైనదని ఎలా అనగలం? ఆయన సమాధానం ఇది. ఆ కొండి మొదట రంధ్రాలు చేసే పళ్ళ పనిముట్టు, తర్వాత విషానికి పనికొచ్చింది. కొద్దిమంది చచ్చినా మొత్తం గూడుకు మేలు జరిగితే ప్రకృతి ఎంపికలో అది నిలుస్తుంది.

డార్విన్ "నిలుస్తుంది" అన్నాడు. నన్నడిగితే అంతకంటే గట్టిగానే చెప్పవచ్చు. తెగిపోవడం ఆ ఆయుధంలోని లోపం కాదు, దాని బలం. చూడండి, తేనెటీగ కుట్టగానే మనం ఏం చేస్తాం? చాచి ఒక్కటి కొడతాం. ఈగ ఎగిరిపోతుంది లేదా నలిగిపోతుంది. కొండి ఈగతోనే పోయేదైతే విషం ఎక్కడం అక్కడితో ఆగిపోయేది. కానీ నరాల ముడితో సహా మన ఒంట్లో దిగబడిన ఆ ముక్క, ఈగ లేకపోయినా తనంతట తానే కొట్టుకుంటూ లోపలికి దిగుతుంది, విషం పంపుతూనే ఉంటుంది. 1994లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం సంచిలోని విషంలో కనీసం 90 శాతం మొదటి 20 సెకన్లలోనే ఎక్కేస్తుంది. నిమిషం గడిచేసరికి సంచి ఖాళీ. ఈ 20 సెకన్ల లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇంకో సంగతి వాసన. తెగిన ఆ ముక్క నుంచి ఒక వాసన గాలిలో కలుస్తుంది. అందులో ముఖ్యమైన పదార్థం ఐసోఅమైల్ ఎసిటేట్ అని 1962లో గుర్తించారు. మగ్గిన అరటిపండు వాసన అంటే దాదాపు అదే. పట్టులోని మిగతా ఈగలకు అది "శత్రువు ఇక్కడున్నాడు" అనే కబురు. ఒకటి కుట్టిన చోటే మరో పది వచ్చి కుట్టడం అందుకే. తేనెపెట్టెలు పెంచేవాళ్ళు పెట్టెల దగ్గర అరటిపండు తినవద్దని చెబుతుంటారు. నల్లమలలో చెంచులు లోయ అంచున తీగతాళ్ళ మీద వేలాడుతూ కొండ తేనె తీసేటప్పుడు పొగ పెట్టేదీ ఇందుకే. పొగ ఈగల మీసాలకు ఈ వాసన సరిగా అందకుండా చేస్తుంది. పైగా నిప్పు వచ్చిందేమో, గూడు వదలాల్సి వస్తుందేమోనని ఈగలు కడుపునిండా తేనె తాగేస్తాయి. అలా తాగినవి కుట్టడానికి అంతగా ఎగబడవు.

సరే, ప్రాణం పోతుందని తెలిసీ ఈగ ఎందుకు కుడుతుంది అని అడగవచ్చు. తెలిసి కుడుతుందని నేననుకోను. కానీ లెక్క వేస్తే ఆ బేరం గూటికి గిట్టుబాటే. పని ముమ్మరంగా ఉండే కాలంలో కూలి ఈగ ఆయుష్షు ఐదారు వారాలు. అప్పుడే పుట్టిన ఈగ కొండి మెత్తగా ఉంటుంది, సంచిలో విషం దాదాపు ఉండదు. రెండు మూడు వారాలు గడిచి, కాపలాకూ మేతకూ బయటికి వచ్చే వయసుకు గానీ విషం పూర్తిగా చేరదు. అంటే కుట్టి చచ్చేది ఎలాగూ కొద్దిరోజుల్లో రాలిపోయే పాత ఈగ. ఒక పట్టులో ఇరవై నుంచి యాభైవేల ఈగలుంటే, వాటిలో పదో ఇరవయ్యో పోయినా గూటికి లోటు కనిపించదు. గుడ్లు పెట్టే రాణి పోతే మాత్రం అంతా పోయినట్టే. కూలి ఈగ తన వంశాన్ని తన గుడ్లతో నిలబెట్టుకోదు, తల్లి గుడ్లతో నిలబెడుతుంది. దగ్గరి రక్తసంబంధం కోసం ప్రాణమిచ్చే ఈ గుణానికి బ్రిటిష్ శాస్త్రవేత్త డబ్ల్యూ.డి. హామిల్టన్ 1964లో గణితం కట్టి చూపించాడు. ఇక రాణి సంగతి వేరు. దాని కొండికి ముళ్ళు తక్కువ, చిన్నవి. అది కుట్టేది సాటి రాణులనే. పట్టులో ఇద్దరు రాణులు పుట్టారంటే ఒకటే మిగలాలి. ఆ యుద్ధంలో ఎన్నిసార్లయినా కుట్టగలదు, చావదు.

ఇప్పుడు కందిరీగ దగ్గరికి వద్దాం. మన ఓదార్పు మాట బొత్తిగా చెల్లనిది ఇక్కడే. కందిరీగ కొండి దాదాపు నున్నగా ఉంటుంది. కొన్నిటికి ముళ్ళున్నా చిన్నవి, పట్టుకోవు. కుట్టి, తీసి, మళ్ళీ కుట్టి, హాయిగా ఎగిరిపోతుంది. అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాల అడవుల్లో గూళ్ళు కట్టే కొన్ని కందిరీగలు, అక్కడి కొన్ని గింజలు ఏరే చీమలు మాత్రం తేనెటీగలాగే కొండి వదిలేసి చస్తాయి. అవి తప్ప కందిరీగల జాతి మొత్తం బతికే బాపతే.

ఎందుకు బతకాలి? దాని కొండి యుద్ధానికే కాదు, వంటకు కూడా. మన గోడల మీద, తలుపు సందుల్లో, పాత క్యాలెండరు వెనకాల మట్టిగూళ్ళు కట్టే ఒంటరి కందిరీగను మీరంతా చూసే ఉంటారు. నడుము దారంలా సన్నగా ఉంటుంది. అది గొంగళిపురుగునో సాలీడునో పట్టుకుని, చంపకుండా, కదలకుండా పోయేటట్టు కుడుతుంది. నరాల ముడులు ఎక్కడెక్కడున్నాయో సరిగ్గా అక్కడక్కడే కుట్టే జాతులున్నాయి. ఆ పురుగును గూటిలో పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి, మట్టితో మూసేస్తుంది. పురుగు చావలేదు కాబట్టి కుళ్ళదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని తాజాగా తింటూ పెరిగి, రెక్కలొచ్చాక గూడు పగలగొట్టుకుని వస్తుంది. ఫ్రాన్స్‌లో జాఁ ఆన్రీ ఫాబ్ర్ అనే బడిపంతులు ఈ వేటను ఎండల్లో కూర్చుని ఏళ్ళ తరబడి చూసి పుస్తకాలు రాశాడు.

మన పెద్దలు కూడా ఇది చూశారు. పురుగు లోపలికి పోవడం చూశారు, కొన్నాళ్ళకు రెక్కల ఈగ బయటికి రావడం చూశారు. మధ్యలో ఏం జరిగిందో మట్టిగోడ కనపడనివ్వలేదు. దాంతో ఆ కందిరీగనే తుమ్మెద అనుకుని, అది చుట్టూ తిరుగుతూ ఝంకారం చేస్తుంటే, దాన్నే ధ్యానించి పురుగు తుమ్మెదగా మారిపోయిందన్నారు. భ్రమరకీటక న్యాయం అని వేదాంతులు చెప్పేది అదే. దేన్ని ధ్యానిస్తే అదే అవుతామన్న ఉపదేశానికి ఉదాహరణ బాగానే ఉంది, వద్దనను. గూట్లో ఉన్న గొంగళిపురుగును అడిగితే మాత్రం వేరేలా చెబుతుంది. మన ప్రశ్నకు వస్తే, ఈ కందిరీగ ఒక్కో పిల్ల కోసం అనేక పురుగుల్ని కుట్టాలి. మొదటి పురుగుతోనే ప్రాణం పోతే దాని జాతి ఎప్పుడో అంతరించేది. ఆహారం సంపాదించే పనిముట్టును ఎవరూ ఒక్కసారి వాడి పారెయ్యరు. తేనెటీగకు కొండితో తిండి సంపాదించే అవసరం లేదు. అది పూలమీద బతికేది. దానికి కొండి కావలసింది దాచుకున్న తేనెను, పిల్లల్ని కాపాడుకోవడానికే. ఆ తేనె కోసం వచ్చే దొంగల్లో పెద్దవాళ్ళం ఎలుగుబంట్లూ, మనమూ. మనలాంటి తోలు ఉన్నవాళ్ళకు సరిపోయేలా ఆ ఆయుధం తయారైంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. కర్రకు, వెదురుకు గుండ్రటి కన్నం చేసి కాపురముండే నల్లటి తుమ్మెదలో ఆడది కుట్టగలదు గానీ, పట్టుకుని నలిపితే తప్ప కుట్టదు. కుట్టినా చావదు. గోడ పగుళ్ళలో, చెట్టు తొర్రల్లో ఉండే, చీమంత చిన్న తేనెటీగలు కొన్ని ఉన్నాయి, వాటి కొండి పనికిరాకుండా కుంచించుకుపోయింది. అవి కుట్టలేవు, కొరుకుతాయి. కుట్టే చీమలు చాలావరకు ఎన్నిసార్లయినా కుడతాయి. మామిడిచెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమకు కొండి లేదు, అది కొరికి ఆ గాయంలో ఆమ్లం చిమ్ముతుంది. తేలు పురుగే కాదు, సాలీడు చుట్టం. అది కుట్టి చావదు. ఇక కరెంటు తీగమీద కూర్చునే పసిరిక పిట్ట, అదే తేనెటీగల్ని తినే పచ్చటి పిట్ట, ఈగను పట్టుకోగానే మింగదు. కొమ్మకేసి బాది, రాసి, కొండినీ విషాన్నీ వదిలించి అప్పుడు తింటుంది.

నొప్పి కొలిచిన మహానుభావులూ ఉన్నారు. అమెరికాలో జస్టిన్ షిమిట్ అనే కీటక శాస్త్రవేత్త ఎన్నో రకాల పురుగులతో కుట్టించుకుని, ఒకటి నుంచి నాలుగు దాకా నొప్పికి అంకెలు వేశాడు. తేనెటీగకు రెండు ఇచ్చాడు. దక్షిణ అమెరికా బుల్లెట్ చీమకు నాలుగు. మైఖేల్ స్మిత్ అనే విద్యార్థి తన ఒంట్లో 25 చోట్ల తేనెటీగలతో కుట్టించుకుని ఎక్కడ ఎంత నొప్పో రాసుకున్నాడు. ముక్కుపుటం, పై పెదవి చాలా బాధపెట్టాయట. ఈ ఇద్దరికీ కలిపి 2015లో ఇగ్‌నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది అది.

ఇక మన పని. కుట్టిన చోట నల్లటి చిన్న ముల్లు, దాని మొదట తెల్లటి సంచి కనిపిస్తే కుట్టింది తేనెటీగ. ఏమీ కనిపించకపోతే చాలావరకు కందిరీగ, అది మళ్ళీ కుట్టగలదు, అక్కడినుంచి కదలండి. ముల్లు ఉంటే వెంటనే తీసెయ్యండి. గోళ్ళతో పట్టుకుంటే సంచి పిండినట్టయి విషం ఇంకా ఎక్కుతుందని, కత్తి అంచుతోనో కార్డుతోనో గీకి తియ్యాలని చాలాకాలం చెప్పారు. 1996లో అమెరికాలో ఈ రెండు పద్ధతుల్నీ పోల్చి చూశారు. ఎలా తీసినా తేడా లేదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమని తేలింది. ఇందాకటి 20 సెకన్ల లెక్క ఇక్కడ పనికొస్తుంది. గీకడానికి వస్తువు వెతుక్కుంటూ ఇంట్లోకి పరుగెత్తే లోపు సంచి ఖాళీ అయిపోతుంది.

తర్వాత సబ్బుతో కడిగి, చల్లటి నీళ్ళ గుడ్డో ఐసుముక్కో పెట్టండి. సున్నం రాయడం మనకు అలవాటు. తేనెటీగ విషం పులుపు, సున్నం దాన్ని విరిచేస్తుందని చెప్పుకుంటాం. విషం దిగింది చర్మం కింద, సున్నం రాసేది పైన. పైగా నొప్పికి కారణం పులుపు కాదు, విషంలో సగం వరకు ఉండే మెలిటిన్ లాంటి పదార్థాలు. సున్నం కంటి దగ్గర గానీ తగిలితే కొత్త ప్రమాదం.

ఎన్ని కుడితే ప్రాణానికి ముప్పు? ఎలర్జీ లేని పెద్దవాళ్ళకు సుమారుగా వెయ్యి కుట్లు దాటితే ప్రాణాపాయం అని లెక్క. పిల్లలకు, ముసలివాళ్ళకు అంతకంటే చాలా తక్కువే చాలు. అన్ని కుట్లు పడకపోయినా, పదుల సంఖ్యలో కుడితే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. ఎలర్జీ ఉన్నవాళ్ళకు ఒక్కటే ఎక్కువ. కుట్టిన చోట మాత్రమే వాచితే మామూలుగా భయం లేదు. కుట్టింది కాలిమీదైనా పెదవులు, నాలుక వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోతున్నా అది వేరే సంగతి. 108కి ఫోన్ చెయ్యండి, ఒక్క నిమిషం ఆలస్యం వద్దు. దానికి మందు తొడకు ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్.

కార్తీకమాసం వనభోజనాలకు వెళ్ళేవాళ్ళు చెట్టుకింద పొయ్యి రాజేసే ముందు ఒక్కసారి తలెత్తి చూడండి. పెద్ద తేనెపట్టు ఉంటే మరో చెట్టు చూసుకోండి. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా, మొహం కప్పుకుని, తలుపులు మూసుకునే గదిలోకో కారులోకో పరుగెత్తండి. అపార్టుమెంటు బాల్కనీలో పట్టు పడితే కిరసనాయిలు పోసి తగలబెట్టకండి, తేనె తీయడం తెలిసినవాళ్ళను పిలిచి తీయించండి.